పాత కారు కరెంటు జబ్బులు - పదో తరగతి ఫిజిక్స్ వైద్యం

మారుతి 800 తయారీ 1983లో మొదలై 2014లో ఆగిపోయింది. అంబాసిడర్ తయారీ కూడా 2014లోనే ఆగింది. అయినా దౌల్తాబాద్, కొడంగల్, తాండూరు వంటి మన ప్రాంతాల్లో పాత కారును నమ్ముకొని బతికే కుటుంబాలకు అది ఇంకా అన్నం పెట్టే బండే. కిరాయి బండి ఒక రోజు ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే. అటువంటప్పుడు "బ్యాటరీ పోయింది, కొత్తది వెయ్యి" అనే మాట నమ్మి వేల రూపాయలు పెట్టినా, అసలు లోపం వేరే చోట ఉంటే బండి మళ్ళీ ఆగుతుంది. అందుకే సామాను మార్చే ముందు కొలిచి చూడాలి. కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటర్, రెండు వైర్లు కలిపిన 12 వోల్టుల బల్బు ఉంటే చాలు.

1. బ్యాటరీ: కారు బ్యాటరీలో 6 సెల్స్ ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు. కొన్ని గంటలు ఆపి ఉంచిన కారులో నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. ముందు ఛార్జి చేయించి ఆ తర్వాతే దాన్ని అనుమానించాలి.

2. సెల్ఫ్ తిరగకపోవడం: "లోపలి లైటు బాగానే వెలుగుతుంది, సెల్ఫ్ మాత్రం తిరగదు, ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. జవాబు 1827లో జర్మనీ శాస్త్రవేత్త ఓం ప్రకటించిన సూత్రంలో ఉంది. వోల్టేజి = కరెంటు × నిరోధం. జంగు పట్టిన ఎర్త్ వైరు దగ్గర 0.02 ఓముల నిరోధం ఉందనుకుందాం. 5 వాట్ల బల్బు తీసుకునేది సుమారు 0.4 ఆంపియర్లు. కాబట్టి అక్కడ పోయేది 0.008 వోల్టులే. సెల్ఫ్ మోటారు 100 ఆంపియర్లు లాగితే అదే చోట 2 వోల్టులు పోతాయి! కనుక లైటు వెలిగినంత మాత్రాన కనెక్షన్ బాగున్నట్టు కాదు. మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, మరో కొనను ఇంజను లోహం మీద పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే ఎర్త్ దారిలోనే లోపం. ఆ కనెక్షన్లను గరుకు కాగితంతో రుద్ది బిగించి మళ్ళీ కొలవాలి.

3. ఛార్జింగ్: ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 13.5 నుండి 14.5 వోల్టుల వరకు ఉండాలి. 12 దగ్గరే ఆగితే మొదట బెల్టు, తర్వాత ఆల్టర్నేటర్ బ్రష్‌లు, రెగ్యులేటర్ చూడాలి. 15 దాటితే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. అలా వదిలేస్తే బ్యాటరీ నీళ్ళు తగ్గిపోతాయి.

4. రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోవడం: తాళం తీసి, తలుపులు మూసి, నెగటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీకీ మధ్య మీటరును ఆంపియర్లలో కలపాలి. మామూలుగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి. ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోండి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ సర్క్యూట్‌లోనే ఉన్నాడు. మీటరు ఇలా ఉన్నప్పుడు మాత్రం సెల్ఫ్ కొట్టరాదు.

5. ఫ్యూజు: మాటిమాటికీ కొట్టేస్తుంటే పెద్ద ఫ్యూజు గానీ, సిగరెట్ డబ్బా రేకు గానీ ఎన్నడూ పెట్టరాదు. ఫ్యూజు కాలకపోతే వైరు కాలుతుంది, వైరుతో బండీ కాలుతుంది. లోపల మనుషులుంటారని మరువరాదు.

జాగ్రత్తలు: బ్యాటరీలో గంధకామ్లం ఉంటుంది, ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. దగ్గర అగ్గిపుల్ల గీయకండి. విప్పేటప్పుడు నెగటివ్ వైరు ముందు, బిగించేటప్పుడు చివర.

తమ్ముళ్ళకు నా మనవి ఒక్కటే. ఓం నియమాన్ని మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేయకండి. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఆగిన బండి కనిపిస్తే మీటరు పట్టుకొని కొలవండి. ఒక డ్రైవరన్నకు అనవసరపు ఖర్చు తప్పించగలిగితే మన చదువు ఊరికి పనికొచ్చినట్టే.