బ్రౌన్ అయితే గోధుమ బ్రెడ్డేనా?

మా నాన్నకు షుగర్. బ్రౌన్ బ్రెడ్ మంచిదని ఎవరో చెబితే జనగామలో రోజూ అదే కొనేవారు. ఓసారి ప్యాకెట్ వెనక్కి తిప్పి చదివా. లిస్టులో ఫస్ట్ ఉన్నది మైదా! ఏది ఎక్కువుంటే అదే ముందు రాయాలన్నది రూల్. ఆ రంగు క్యారమెల్‌ది.

అందుకే వీకెండ్‌లో ఇంటికెళ్తే బ్రెడ్ నేనే చేస్తున్నా. అరకిలో గోధుమపిండికి 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 10 గ్రాముల ఉప్పు, రెండు స్పూన్ల నూనె, 375 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు. ముద్ద చపాతీ పిండికన్నా మెత్తగా ఉండాలి. పొట్టు నీళ్లు పీల్చుకోవడానికి అరగంట వదిలేసి, పది నిమిషాలు బాగా పిసకండి. మూతపెడితే మన ఎండలకు తొందరగానే రెట్టింపవుతుంది. టిన్నులో పెట్టి, మళ్లీ పొంగాక 200 డిగ్రీల్లో 40 నిమిషాలు కాల్చాలి. చల్లారాకే కోయండి.

‘జొన్నపిండితోని రాదా బిడ్డా?’ అనడిగింది అమ్మ. గోధుమలోని గ్లూటెన్ సాగి, ఈస్ట్ వదిలే గ్యాస్‌ను పట్టి ఉంచుతుంది. జొన్నలో అది లేదు. అందుకే వేడినీళ్లతో కలిపి రొట్టె తడతాం.

ఇంట్లో చేసిందైనా గోధుమ బ్రెడ్ షుగర్ పెంచుతుంది. కాబట్టి నాన్నకు రెండు ముక్కలే, పక్కన ఉడికించిన గుడ్డు. మూడోది అడిగితే మాత్రం అమ్మ ఒప్పుకోదు.