కొలరాడో కొండలలో ఎల్కు వేట



వేటను గూర్చి ఒక గృహిణి వ్రాయుట కొందఱకు వింతగా తోచవచ్చును. నేను పుట్టి బుద్ధెరిగిన పిమ్మట తుపాకిని చేతితో తాకియెఱుగను. మా యింట మాంసము వండు నాచారమును లేదు. అయినను క్రిందటి యాషాఢమాసమున, అమెరికాలోని కొలరాడో రాష్ట్రమునందు కాపురమున్న మా చెల్లెలు వ్రాసిన యుత్తరమొకటి నన్ను కొన్ని దినములు నిద్రపోనీయలేదు.

“అక్కయ్యా! మీ మఱిదిగారి స్నేహితు డొకడు కొండలలోని యొక రాంచ్‌లో ఎల్కు వేటకై అయిదు దినములకు సొమ్ము కట్టినాడు. మావాడు తానును వెంటబోయెదనని పట్టుపట్టి కూర్చున్నాడు. వానికి పదునాలుగేండ్లు నిండి మూడు నెలలైన కాలేదు. వలదన్నచో, ‘అంగడిలో నీవు కొని తెచ్చు కోడిని ఎవరో ఒకరు చంపలేదా అమ్మా?’ అని యడుగుచున్నాడు. నాకు నోట మాట రాలేదు. నీవు పురాణములు చదివినదానవు. వానికేమి చెప్పుదును?”

పురాణములు చదివినదానికి చిక్కు మఱింత యెక్కువ యని మా చెల్లెలికి తెలియదు. వేట సప్తవ్యసనములలో నొకటి యని పెద్దలు చెప్పిరి. జింకరూపమున నున్న మునిని కొట్టి పాండురాజు శాపము పొందెను. చప్పుడు విని బాణము విడిచి దశరథుడు పుత్రశోకమునకు పాత్రుడాయెను. మఱియొక ప్రక్క కౌటిల్యుడు, జూదముకంటె వేటయే మేలనియు, దానివలన వ్యాయామము కలుగుననియు, మృగముల కోపమును భయమును కనిపెట్టు నేర్పు అలవడుననియు వాదించెను. శాకుంతలములోని సేనాపతియు రాజునెదుట నిట్టి మాటలే యనును. ఇన్ని విధముల వాక్యములున్నపుడు ఎవరికి నచ్చినది వారు ఏరుకొందురు. కావున గ్రంథములను ప్రక్కనుంచి, ముందుగా ఆ మృగమెట్టిది, ఆ వేట యెట్టిదియని తెలిసికొన బూనితిని. మా వారు బడి గ్రంథాలయమునుండి తెచ్చిన పుస్తకములును, చెల్లెలి యుత్తరములును నాకు తోడ్పడినవి.

పూర్వము మన దక్షిణాదిని, సింహళమునను తిరిగిన ఆంగ్లేయ వేటగాండ్రు మన కణుజునే ఎల్కు అని పిలిచెడివారు. అమెరికా ఎల్కు దానికి దగ్గఱి చుట్టమే గాని మిక్కిలి పెద్దది. మగది భుజముకడ అయిదడుగుల యెత్తు, ఏడువందల పౌన్లకు పైబడిన బరువు గలిగియుండును. దాని వెనుకభాగము తెలుపు. షానీ యను ఆదిమజాతివారు దీనిని వాపిటి యనిరి. తెల్లని పిఱుదులు గలదని ఆ మాటకర్థము. కొమ్ములు మగవానికే యుండును. అవి చలికాలము చివర రాలిపోయి, మరల మొలచి, మంచి కాలములో దినమున కంగుళము వఱకు పెరుగును. పెరుగునన్నాళ్లును వానిపై మెత్తని చర్మము ముఖమలువలె కప్పియుండును. ఏటేట ఇంత భారమును కట్టుకొని యేటేట పారవైచు ప్రాణియని చదివినపుడు, దానిపై నాకు జాలియో గౌరవమో తెలియని భావమొకటి కలిగెను.

ఐరోపావారు రాకమునుపు ఆ ఖండమున నూఱు లక్షల ఎల్కులుండెనని యంచనా. ఇరువదవ శతాబ్ది యారంభమునాటికి లక్షయైన మిగులలేదు. తోలుకొఱకును, మాంసపు బజారుకొఱకును చంపిరి. అంతకంటె సిగ్గుపడదగిన కారణ మొకటి కలదు. ఎల్కు పైదవడలో ఏనుగుదంతమువంటి నునుపైన పండ్లు రెండుండును. ఆ మృగము పేరు పెట్టుకొన్న ఒక సంఘమువారు వానిని గడియారపు గొలుసులకు తగిలించుకొను వాడుక పుట్టెను. మనవారు పులిగోరు పతకము ధరించునట్లే! రెండు పండ్లకై కొండంత మృగమును కూల్చి కళేబరమును విడిచిపోయిన వారుండిరి. ఆభరణములపై ప్రీతి స్త్రీలకే యుండునని యనువారు ఈ కథను వినవలెను.

తరువాత వారే మేల్కొనిరి. 1872లో ఏర్పడిన యెల్లోస్టోన్ జాతీయవనములో మిగిలిన మందలనుండి జీవములను రైళ్లమీద ఇతర రాష్ట్రములకు పంపిరి. కొలరాడోలోని ఎస్టెస్ పార్కు ప్రాంతమునకు 1913, 1914 సంవత్సరములలో అట్లే తెచ్చి విడిచిరి. 1937లో చేసిన యొక చట్టము ననుసరించి వేట తుపాకులమీదను తూటాలమీదను నూటికి పదునొకండు వంతుల సుంకము వన్యమృగముల పోషణకే చేరును. నేడు ఖండమంతటను ఎల్కులు పదిలక్షల వఱకున్నవి. కొలరాడోలోనే రెండున్నర లక్షలకు పైగా నున్నవి. చంపువాని సొమ్ముతోనే మంద పెరిగినదనుట నాకు మొదట మ్రింగుడుపడలేదు. మన దేశము 1972 నాటి చట్టముతో వేటను మాన్పి మఱియొక త్రోవ పట్టినది. ఆ త్రోవయే నా మనస్సునకు దగ్గఱ. అయినను వారి లెక్కలను కాదనజాలను.

నేను చెల్లెలికిట్లు వ్రాసితిని: “వానిని పోనిమ్ము, కాని తుపాకి పట్టకుండ పోవలెను. అంతకుముందు దాని గొంతు వినవలెను. ప్రాణముతో నున్నప్పటి చూపు చూడక చచ్చినదానిని చూచుట తగదు.”

ఎస్టెస్ పార్కులో సెప్టెంబరు మాసమున మగ ఎల్కులు ఆడవానిని పిలుచు కూత వినుటకు జనులు గుంపులుగా వత్తురట. ప్రక్కనున్న జాతీయవనములో వేట నిషిద్ధము. మా చెల్లెలు పిల్లవానిని తీసికొని పోయినది. ఆ కూత లోతుగా మొదలై, మెట్టుమెట్టునకు పైకెక్కి, తుదకు ఈలవలె సాగి తెగిపోవునట. “అంత పెద్ద దేహమునుండి అంత సన్నని ధ్వని యెట్లు వచ్చునో యని ఆశ్చర్యపోయితిమి. చలికి కాదు, ఆ కూతకు నా యొడలు జలదరించినది” అని వ్రాసినది. ఆ యూరనే శామ్సన్ అని యందఱును ముద్దుగా పిలుచుకొన్న పెద్ద మగ ఎల్కు నొకదానిని 1995లో ఒకడు దొంగతనముగా అమ్ముతో కొట్టి చంపెను. జనులు మనుష్యునికొఱకు వలె దుఃఖించిరి. పెద్దకొమ్ముల మృగములను దొంగవేట నాడువారికి జుల్మానా మిక్కిలి హెచ్చించుచు 1998లో వచ్చిన చట్టమును నేటికిని శామ్సన్ పేరనే పిలుతురు. ఆ యూర దానికి కంచువిగ్రహము కూడ నిలిపిరి. వేటాడు దేశముననే వేటాడబడిన మృగమునకు విగ్రహము!

అక్టోబరు నడుమ వారు రాంచ్‌కు బయలుదేరిరి. పిల్లవానిని ఒంటరిగా పంపజాలక మా చెల్లెలును వెంటపోయినది. రాంచ్ అనగా వేలకొలది యెకరముల పచ్చికబయళ్లును కొండవాలులును గల పశువుల స్థావరము. లాడ్జి అనగా మన బస్సుస్టాండుల ముంగిట నుండునట్టిది గాదు; దుంగలతో కట్టిన పెద్ద యిల్లు, నడుమ పొయ్యి, గోడలనిండ కొమ్ములు. వంటయు లెక్కలును అన్నియు రాంచ్ యజమాని భార్య చేతిలో నున్నవి. ఆమె తెల్లవారుజామున మూడున్నరకే లేచి, పన్నెండుమందికి రొట్టెలు కాల్చి, ఫ్లాస్కులలో కాఫీ నింపి, చీకటిలోనే వేటగాండ్రను సాగనంపును. వారు పోయిన పిమ్మట మా చెల్లెలు ఆమెతో కూరలు తఱిగి, గిన్నెలు తుడిచి, ఊసులాడినది. ఆ ఊసులలోనే నాకు కావలసిన విషయము దొరికినది.

“ఆవులమీద వచ్చునది ఆవులకే చాలదమ్మా! ఒక యేడు వాన లేదు, మఱియొక యేడు ధర లేదు. చలికాలమున ఎల్కులు వందలకొలదిగా దిగివచ్చి, ఆవులకై దాచిన యెండుగడ్డిని తినిపోవును. ఈ వేటకాలపు కొలది వారముల సొమ్మే పన్ను కట్టి, పనివారికి జీతమిచ్చుచున్నది. అది లేనినాడు ఈ నేలను ముప్పదియైదేసి యెకరముల తునకలుగా కోసి యిండ్లకమ్ముటయే గతి. ప్రక్కలోయలో అట్లే జరిగినది. అక్కడ నిప్పుడు వేటయు లేదు, ఎల్కులును లేవు” అని ఆమె చెప్పెనట.

ముప్పదియైదే యేల యని మా వారిని విచారింపగా, 1972 నాటి యొక కొలరాడో చట్టము ప్రకారము అంతకు తగ్గని తునకలకు ఇండ్ల స్థలముల విభజన నిబంధనలు వర్తింపవని తెలిసినది. మన పొలములు ప్లాట్లగుట చూచుచున్న నాకు ఆ యిల్లాలి మాట చక్కగా నర్థమైనది.

ఇట్టి వేటకు గొప్పవారే పోగలరు. అయిదారువేల డాలర్లు మొదలు పదివేలకు పైబడిన రుసుములు కలవు. అయినను సొమ్ము కట్టినంతమాత్రమున మృగము వానిది గాదు. నేల రాంచ్ వారిదైనను, దానిపై తిరుగు ఎల్కు ప్రభుత్వమునదే. ప్రభుత్వమిచ్చు అనుమతిపత్రము లేక ఎవ్వరును చంపరాదు. పెద్ద రాంచ్‌లతో ప్రభుత్వము చేసికొన్న ఒడంబడిక యొకటి కలదు. పన్నెండువేల యెకరములకు తక్కువగాని నేల గలవారికి కొన్ని అనుమతిపత్రములు నిశ్చయముగా లభించును. అందులకు బదులుగా, చీట్లలో పేరు వచ్చిన సామాన్యులను కొందఱను వారు రుసుము లేకయే తమ నేలపై వేటాడనీయవలెను. ఈ రాంచ్ అట్టిదే. ఒక బడిపంతులుగారు అట్లు చీటిలో పేరు వచ్చి, తన పాతబండిలో వచ్చి, లాడ్జిలో గాక గుడారములో దిగియుండెనని చెల్లెలు వ్రాయగా మా వారు మిక్కిలి సంతోషించిరి.

ఇంకొక విధమైన రాంచ్‌లు కలవు. ఎత్తైన కంచెలలో ఎల్కులను పశువులవలె పెంచి, కొమ్ముల కొలతనుబట్టి ధర నిర్ణయించి, కొన్నవానిచే కాల్పింతురు. మోంటానా రాష్ట్రపు ప్రజలు 2000 సంవత్సరములో తమ యోట్లతో అట్టి వ్యాపారమును మాన్పిరి. వారు చేసినది న్యాయము. తప్పించుకొను త్రోవ లేనిదానిని కొట్టుటకు వేట యను పేరెందుకు? అది సంత.

ఇక పిల్లవాడు చూచినది. వారికి త్రోవచూపరి రాంచ్ వారి కూతురే, ఇరువదియైదేండ్ల పడుచు. ఆమె చిన్నసీసానుండి పిండివంటి పొడిని గాలిలోనికి చిమ్మి గాలివాలు చూచుకొనుచు నడచును. మనుష్యుని వాసన తగిలినచో ఎల్కు నిలువదు. నోటిలో చిన్నబిళ్ల నుంచుకొని ఆడ ఎల్కువలె కూయును. తుపాకి కాలములో ప్రతివాడును అయిదువందల చదరపు అంగుళములకు తక్కువగాకుండ, మండు నారింజరంగు బట్ట ధరింపవలెనని అక్కడి శాసనము. ఎల్కుకంటికి ఆ రంగు అంతగా తెలియదట. మనుష్యునికి దూరమునుండియే తెలియును. 2016 నుండి గులాబిరంగునకును అనుమతి యిచ్చిరి. చప్పుడునుబట్టి గాని, ఆకులకదలికనుబట్టి గాని తుపాకి పేల్చరాదని ఆమె మొదటనే హెచ్చరించెనట. అది చదివినపుడు సరయూతీరమున నీరు ముంచుకొన్న ఆ ముని కుమారుడు నాకు జ్ఞప్తికి వచ్చినాడు.

మూడవదినమున పెద్ద మగ ఎల్కు ఒకటి మూడువందల గజముల దూరమున అడ్డముగా నిలిచినది. స్నేహితుడు తుపాకి యెత్తినాడు. దాని వెనుక రెండు ఆడవి నిలిచియుండెను. గుండు దూసిపోయినచో వానికిని తగులును. ఆమె చేయి అడ్డము పెట్టి వలదన్నది. వేలడాలర్లు కట్టినవాడు నోరెత్తక తుపాకి దించినాడు. నిమిషములో ఆ మృగము చెట్లలో మాయమైనది. “పెద్దమ్మా! నాకన్నిటికంటె అదియే జ్ఞాపకమున్నది” అని పిల్లవాడు తరువాత ఫోనులో నాతో చెప్పినాడు.

నాలుగవదినమున మఱియొకటి దొరికినది. గుండు ముంజేతి వెనుక, ఊపిరితిత్తుల కడ తగిలి, అఱువది యడుగులు పరుగెత్తి కూలెను. ఆ పడుచు దాని మెడపై చేయి వైచి కొంతసేపు మాటలాడక నిలిచెనట. తరువాత సాయంకాలము వఱకు కోయుట, మోయుట. తినదగిన మాంసమును విడిచివచ్చుట అక్కడ నేరము. కొమ్ములు మాత్రము కోసికొని తక్కినది పారవైచుట మఱింత పెద్దనేరము. తొడలు, భుజములు, వెన్నుకండలు సంచులలో కట్టి గుఱ్ఱములపై దింపిరి. పిల్లవాడు మోయగలిగినంత మోసినాడు. ఆ రాత్రి అన్నము ముట్టలేదు.

స్నేహితుడు తన పాలులో కొంత మాంసమును చెల్లెలికిచ్చెను. అదివఱకే దాని తలనుండి తీసిన తునకను పరీక్షకు పంపియుండిరి. మెదడును క్షీణింపజేయు వ్యాధి యొకటి ఆ జాతులలో కలదు; 1967లో కొలరాడోలోనే తొలుత కనిపెట్టిరి. మనుష్యునికి సోకిన నిదర్శనము లేకున్నను, వ్యాధిగలదానిని తినవలదని వైద్యశాఖవారు చెప్పుదురు. ఫలితము వచ్చు వఱకు ఆ పొట్లము మంచుపెట్టెలో నుండెను. మా చెల్లెలు దినదినమును తలుపు తెఱచి చూచి మూసెడిదట. “అక్కయ్యా! వండవలెనా, వలదా?” అని మరల నన్నే యడిగినది. జన్మములో మాంసము వండనిదాన నేమి చెప్పుదును? పరీక్షలో దోషము లేకున్నచో పారవేయవలదని మాత్రము వ్రాసితిని.

దోషము లేదని జాబు వచ్చినది. ఆమె మిరియాలు, ధనియాలు, అల్లము నూఱి, చాలసేపు సన్నని సెగమీద నుడికించినది. తాను తినలేదు. పిల్లవాడు తిన్నాడు, మారువడ్డన యడుగలేదు, పళ్లెములో మిగుల్పనులేదు. వాని తండ్రి, “వేట శిక్షణ తరగతికి నీ పేరు వ్రాయింపవలెనా?” యని యడుగగా, ఇంకను ఆలోచించుచున్నానని చెప్పి, తన పళ్లెమును తానే కడిగిపెట్టినాడట.