నేలకు ఎంత ఎత్తున: డెల్టా దారుల్లో స్పోర్ట్స్ కారు

స్పోర్ట్స్ కారును నేలకు దగ్గరగా నిర్మించడానికి చూపుల అందం ఒక కారణమే అయినా, అసలు కారణం మలుపుల్లో ఉంది. కారు మలుపు తిరిగేటప్పుడు దాని బరువు లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి మళ్లుతుంది. గురుత్వ కేంద్రం, అంటే బరువంతా ఒకచోట కూడినట్టు భావించదగిన బిందువు, ఎంత కిందికి ఉంటే ఈ మళ్లింపు అంత తగ్గి, టైర్లు దారిని అంత గట్టిగా పట్టుకుంటాయి. మన దేశంలో తిరిగే కుటుంబ కార్లలో అడుగుభాగానికీ నేలకూ మధ్య సాధారణంగా 165 నుంచి 190 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే, స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి అది 110 నుంచి 140 మిల్లీమీటర్లకు మించదు. ఈ ఖాళీని గ్రౌండ్ క్లియరెన్స్ అంటారు. స్ప్రింగుల మీద ఆనుకున్న బాడీ చక్రాలకు ఎంత ఎత్తున నిలిచిందో చెప్పే కొలత రైడ్ హైట్. రెండోదాన్ని మారిస్తే మొదటిది దానంతటదే మారుతుంది.

గోదావరి డెల్టాలో ఈ కొలత ప్రతి ఊళ్లోనూ పరీక్షకు నిలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత విస్తరించిన కాలువల వెంబడి, గట్ల మీదనే ఎన్నో దారులు ఏర్పడ్డాయి. వానకు ఉబ్బి ఎండకు కుంగే బంకమట్టి నేల కావడం వల్ల ఆ దారులు ఎక్కువ కాలం చదునుగా నిలవవు. నీళ్లకు జడిసి ఇళ్లను ఎత్తైన పునాదుల మీద కట్టుకోవడంతో వీధి నుంచి పోర్టికోలోకి ఏటవాలు ర్యాంపు తప్పనిసరి అవుతుంది. రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వరకు 16వ నంబరు జాతీయ రహదారి మీద సాఫీగా వచ్చిన కారు, అక్కడ కోనసీమ వైపు తిరిగి ఊళ్లలోకి దిగగానే స్పీడ్ బ్రేకర్ల దగ్గర తడబడుతుంది.

అయితే స్పీడ్ బ్రేకర్ ఎత్తు కంటే దాని ఆకారమే కారును ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తున, 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ముక్కలా ఉండాలి. ముందు, వెనుక ఇరుసుల మధ్య 2.45 మీటర్ల దూరం ఉన్న చిన్న స్పోర్ట్స్ కారు దాని మీదికి వచ్చినప్పుడు నాలుగు చక్రాలూ ఆ వంపు మీదనే ఉంటాయి కాబట్టి, కారు నడుమ భాగం కిందికి పొడుచుకొచ్చే మిట్ట లెక్కకు సుమారు 44 మిల్లీమీటర్లే. 120 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్న కారు దాన్ని సులువుగా దాటిపోతుంది. అదే 10 సెంటీమీటర్ల ఎత్తును అర మీటరు వెడల్పులో సిమెంటుతో దిబ్బలా పోస్తే, చక్రాలు రెండు పక్కలా చదును నేల మీద ఉండగా దిబ్బ మొత్తం కారు కడుపు కిందికి చేరి, మిగిలే ఖాళీ 20 మిల్లీమీటర్లకు పడిపోతుంది. స్ప్రింగు కొద్దిగా నొక్కుకున్నా అడుగు తగిలి తీరుతుంది.

ఎత్తు మార్చే ఏర్పాటు అన్ని కార్లలో ఒకేలా ఉండదు. సాధారణ కార్లలో స్ప్రింగు కూర్చునే పళ్లెం స్థిరంగా ఉంటుంది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ కారులో నూనె, వాయువుల ఒత్తిడితో డ్రైవరు తన సీటులో నుంచే ఎత్తు మార్చుకునే వీలుండేది. నేటి ఖరీదైన కార్లు కొన్నింటిలో ర్యాంపు ఎక్కేముందు ముందు భాగాన్ని మీట నొక్కి పైకి లేపుకోవచ్చు. ఇంటి దగ్గర చేతితో సర్దుకోదగినది కాయిలోవర్ అనే ఏర్పాటు. ఇందులో షాక్ అబ్జార్బర్ గొట్టానికి బయట మర ఉంటుంది, ఆ మర మీద తిరిగే రింగుపై స్ప్రింగు కూర్చుంటుంది, ఆ రింగు కదలకుండా మరో రింగు కింది నుంచి బిగిసి ఉంటుంది.

కొలతకు ముందు చదునైన నేల కావాలి. నీరు జారిపోవడానికి రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. ఆ వాలు నూటికి రెండున్నర పాళ్లున్నా, మీటరున్నర వెడల్పులో ఒక పక్క చక్రాలు రెండో పక్క చక్రాల కంటే దాదాపు 37 మిల్లీమీటర్లు కిందికి ఉంటాయి. పోర్టికో గచ్చు కూడా నీళ్లు బయటికి పోయేలా వాలుగానే ఉంటుంది. కనుక సన్నని పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి, మేస్త్రీలు మట్టం చూసే పద్ధతిలో నాలుగు చక్రాల చోట్లనూ పోల్చి, పల్లంగా ఉన్నచోట గ్రానైట్ పలకలు పేర్చి సమం చేయాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి సరిచూసి, ట్యాంకులో సగం పెట్రోలు ఉంచి, డ్రైవరు సీటులో మనిషి బరువుకు బదులు 25 కిలోల బియ్యం బస్తాలు మూడు పెడితే, కారు నడిచే స్థితికి దగ్గరగా వస్తుంది. అప్పుడు చక్రం నడిబొడ్డు నుంచి పైనున్న మడ్‌గార్డ్ అంచు వరకు నాలుగు చోట్లా కొలిచి రాసుకోవాలి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలో కలిసిపోతుంది.

తరువాత చక్రాలకు అడ్డు పెట్టి, తయారీదారు చూపిన చోటనే జాకీ వేసి, కారు లేవగానే స్టాండ్ల మీదికి దించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి గానీ, ఇటుకలు పేర్చి గానీ కారు కిందికి దూరడం ప్రాణాపాయం. చక్రం విప్పాక మరను బ్రష్‌తో శుభ్రం చేయాలి. ఒండ్రు బురద, ఉప్పాడ, అంతర్వేది వంటి తీరప్రాంతాల ఉప్పుగాలి కలిసి రింగులను పట్టేసేలా చేస్తాయి. మర ఒక చుట్టుకు 2 మిల్లీమీటర్లు కదిలేదైతే రింగు అంతే కదులుతుంది, కానీ కారు ఎత్తు అంతే మారాలన్న నియమం లేదు. స్ప్రింగు చక్రానికి కాక, చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ నడుమ ఆనుకుని ఉన్న కార్లలో, చక్రం 10 మిల్లీమీటర్లు కదిలితే స్ప్రింగు 6 మిల్లీమీటర్లే కదిలే అమరిక ఉంటే, ఒక చుట్టుకు ఎత్తు సుమారు 3.3 మిల్లీమీటర్లు మారుతుంది.

రెండు పక్కలా సమానంగా తిప్పి కారును దించగానే కొలిస్తే ఎత్తు తప్పుగా వస్తుంది, ఎందుకంటే దిగేటప్పుడు టైర్లు నేలను పట్టుకుని పక్కకు జరగలేక బాడీని పైనే నిలబెడతాయి. కారును కొన్ని అడుగులు ముందుకూ వెనుకకూ దొర్లించి, బానెట్‌నూ డిక్కీనీ నొక్కి వదిలి, ఆ తరువాతే టేపు పట్టాలి.

ఎత్తులు నాలుగూ సరిపోయినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. నులక మంచానికి ఒక కోడు పొట్టిదైతే భారం ఎదురెదురు మూలల్లోని రెండు కోళ్ల మీద పడి మంచం ఊగినట్టే, ఒక మూల రింగును పైకి ఎక్కువ తిప్పితే ఆ మూలా దానికి ఐమూలగా ఉన్న చక్రమూ ఎక్కువ బరువు మోస్తాయి. పైకి కారు సమంగానే కనిపించినా, బ్రేకు వేసినప్పుడు ఒక చక్రం ముందుగా జారుతుంది. పందెపు కార్ల బృందాలు నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి తూచేది ఇందుకే. ఇంట్లో కాటాలు లేనప్పుడు ఎడమ, కుడి రింగులను ఎప్పుడూ సమానంగానే తిప్పడం క్షేమం.

కిందికి దించేకొద్దీ లాభం పెరుగుతుందనే నమ్మకం కూడా సరికాదు. చాలా కార్లలో ముందు చక్రాలకు ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్ అమరికలో, కారును బాగా దించితే బాడీ ఒరగడానికి ఆధారమైన బిందువు గురుత్వ కేంద్రం కంటే త్వరగా కిందికి పోతుంది. ఫలితంగా మలుపుల్లో కారు మునుపటి కంటే ఎక్కువగా ఒరగవచ్చు. స్ప్రింగు నొక్కుకోవడానికి మిగిలే చోటు తగ్గి, గుంతలో పడ్డప్పుడు దెబ్బ నేరుగా బాడీకి తగులుతుంది. ఆర్మ్‌లలోని రబ్బరు బుష్‌ల బోల్టులను కొత్త ఎత్తులో, కారు చక్రాల మీద నిలిచి ఉండగా వదులు చేసి తిరిగి బిగించకపోతే, రబ్బరు ఎల్లవేళలా మెలితిరిగి ఉండి త్వరగా చిరుగుతుంది. చక్రాల వాలు, అవి చూసే దిక్కు కూడా మారతాయి కాబట్టి వీల్ అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్ల దిశ సరిచూడాలి. స్ప్రింగును గ్యాస్ కటింగుతో కోసి పొట్టి చేయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ తగదు. ఆ వేడికి ఉక్కు పదును పోతుంది, పైగా చక్రం గాలిలోకి వేలాడినప్పుడు స్ప్రింగు తన చోటు తప్పవచ్చు.

పందేల్లోనూ ఎత్తుకు హద్దుంది. ఫార్ములా వన్ కార్ల అడుగున 1994 నుంచి 10 మిల్లీమీటర్ల మందం పలకను తప్పనిసరి చేశారు. 2023లో అమెరికాలోని ఆస్టిన్ పందెంలో ఆ పలక పరిమితికి మించి అరిగినందుకు లూయిస్ హామిల్టన్, షార్ల్ లెక్లెర్క్ ఇద్దరూ అనర్హులయ్యారు. మన వీధుల్లో హద్దు గీసేది 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. కారుతో వచ్చిన ఏర్పాటును దానికిచ్చిన పరిధిలో సర్దుకోవడం వేరు, బయటి విడిభాగాలు కొని బిగించడం వేరు. రెండో పనికి ముందు రవాణా శాఖనూ బీమా సంస్థనూ అడగడం మంచిది.

డెల్టాలో స్పోర్ట్స్ కారు ఉన్నవారు ఒక ఎత్తు ఎంచుకునే ముందు, తమ ఇంటి ర్యాంపునూ రోజూ దాటే దిబ్బనూ టేపుతో కొలిస్తే, ఎంత దించవచ్చో ఎంత లేపాలో తేలిపోతుంది. అదే టేపును దిబ్బ పోసే ముందు పంచాయతీ వారు పట్టుకుని, దాన్ని 3.7 మీటర్ల వెడల్పున పోయిస్తే, స్పోర్ట్స్ కార్లకే గాక అంబులెన్సుకూ, నిండు గర్భిణి ఎక్కిన ఆటోకూ కూడా దారి సుగమమవుతుంది.