“మిస్, మీ అమ్మకి రేపు ఏం జరుగుతుందో తెలుసా?” – ఇంగ్లండ్ బడిలో అనకాపల్లి ట్రైనీ టీచర్

ఈ ఎపిసోడ్ అనకాపల్లి నుంచే, మా ఇంటి డాబా మీద కూర్చుని చేస్తున్నాను. మధ్యలో ఆటో హారన్ వినబడితే ఏమీ అనుకోకండి.

“అక్కా, ఫారిన్‌లో టీచర్ ట్రైనింగ్ అంటే ఏం చేయిస్తారు?” అని చాలామంది అడిగారు. సిలబస్ చెబితే మీరు రెండో నిమిషంలో వీడియో మార్చేస్తారని నాకు తెలుసు. అందుకే అక్కడ పిల్లలు నన్ను చూసి ఎందుకు నవ్వారో చెబుతాను. ఎందుకు నవ్వారో అర్థమైతే అక్కడి బడి ఎలా నడుస్తుందో సగం అర్థమైనట్టే.

ముందు లెక్క చెప్పేస్తా. నేను చేసింది ప్రైమరీ పీజీసీఈ. ఒక ఏడాది కోర్సు. మన బీఎడ్‌లో 2014 నిబంధనల తర్వాత ఇంటర్న్‌షిప్ 20 వారాలు కదా, అక్కడ కోర్సులో ఎక్కువ భాగం బడిలోనే గడుస్తుంది, కనీసం 2 వేర్వేరు బడుల్లో. నాకు పడింది ఇయర్ వన్, అంటే 5, 6 ఏళ్ల పిల్లలు. ఆ వయసు క్లాసులో ఒక టీచరుకి 30 మందికి మించకూడదని చట్టమే ఉంది. మా వైపు మాటల్లో చెప్పాలంటే ముప్పై మంది గుంటలు, కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని, కళ్లార్పకుండా మనల్నే చూస్తుంటారు. వెనకాల మెంటర్ ల్యాప్‌టాప్‌తో కూర్చుని నోట్స్ రాసుకుంటుంది. ఆ నోట్స్ బాగుంటేనే మనం పాస్. ఇంట్లో వాళ్లు అప్పు చేసి పంపించిన చదువు, వీసాలో డేట్ ఉంటుంది, మళ్లీ ఒక ఏడాది కూర్చునే వీలు నాకు లేదు. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది వినండి.

పిల్లల పేర్లు చెప్పను. ఫోటోలు, వీడియోలు కూడా లేవు. పొద్దున్నే ఫోన్ లాకర్లో పెట్టేసి క్లాసులోకి వెళ్లాలి, సాయంత్రం దాకా దాన్ని మర్చిపోవాలి. మొదటి వారం చెయ్యి జేబు దగ్గరికే పోయేది.

మొదటి వారంలోనే గ్లోబు తెచ్చి అనకాపల్లి ఎక్కడో చూపించాను. గ్లోబు మీద మన ఊరి పేరు ఉండదుగా, విశాఖపట్నం పక్కన వేలు పెట్టాను. అప్పుడు మధ్యాహ్నం ఒంటి గంట. “మా ఊళ్లో ఇప్పుడు సాయంత్రం ఆరున్నర, మా అమ్మ దీపం పెట్టే టైమ్” అన్నాను. చలికాలంలో మనం వాళ్లకంటే ఐదున్నర గంటలు ముందుంటాం. ఒక పాప చాలాసేపు ఆలోచించి చెయ్యెత్తింది. “మిస్, అయితే మీ అమ్మకి రేపు ఏం జరుగుతుందో తెలుసా?” పక్కనున్నవాడు వెంటనే అందుకున్నాడు: “ఫోన్ చేసి అడగండి మిస్, రేపు లంచ్‌లో పిజ్జా ఉందో లేదో.”

ఆ రోజు రాత్రి అమ్మకి చెబితే, “ఏటే, రేపు ఏటవుతాదో తెలిస్తే నానిలా ఉందునా?” అంది.

నవ్వుకున్నాం గానీ, ఆ పాప ప్రశ్నలో తప్పుపట్టడానికి ఏమీ లేదు చూడండి. “ముందు” అనే మాటని అక్షరాలా పట్టుకుని, దానికి తగ్గ లాజిక్ తనే కట్టుకుంది. ఐదేళ్ల వాళ్లు మాటని అలాగే తీసుకుంటారు. మర్నాడు బంతి, టార్చిలైటు తెచ్చి పగలూ రాత్రీ ఎలా వస్తాయో చూపించాల్సొచ్చింది. నా లెసన్ ప్లాన్‌లో లేనే లేదది.

ఇప్పుడు ఫోనిక్స్ సంగతి. నా గొంతు పోయింది ఇక్కడే. ఇంగ్లిష్‌లో అక్షరాలు 26, శబ్దాలు 44 దాకా. కాబట్టి అక్కడ ఏ బీ సీ డీ అని పేర్లు చెప్పించడం కంటే ముందు శబ్దాలు నేర్పిస్తారు. ‘క్యాట్’ చదవాలంటే క్, ఆ, ట్ అని విడివిడిగా పలికి కలపాలి. ఇక్కడ ట్రైనర్లు నెత్తీ నోరూ బాదుకుని చెప్పే మాట ఒకటుంది: హల్లు చివర అచ్చు తగిలించొద్దు. ‘క, అ, ట’ అంటే పిల్లాడు కలిపి ‘కఅట’ అంటాడు, క్యాట్ ఎప్పటికీ రాదు. నాతో ఉన్న ఇంగ్లిష్ ట్రైనీలు దీని మీద వారం రోజులు తంటాలు పడ్డారు. నాకు ఐదు నిమిషాల్లో వచ్చేసింది, ఎందుకంటే మనకి పొల్లు ఉంది. ‘క’కి పొల్లు ఇస్తే ‘క్’ అని అనకాపల్లిలో పలక మీద దిద్దినప్పుడే అయిపోయింది ఆ పాఠం.

కానీ ఆ గర్వం ఎక్కువ రోజులు నిలవలేదు. వెట్ అంటే జంతువుల డాక్టరు. వెట్ అంటే తడి. చూశారా, తెలుగులో రాస్తే రెండూ ఒకటే! వాళ్లకి అవి రెండు వేర్వేరు శబ్దాలు. పై పళ్లు కింది పెదవికి ఆనించి వదిలితే డాక్టరు, పెదాలు గుండ్రంగా చుట్టి వదిలితే తడి. మన ‘వ’ ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో హాయిగా కాలు చాపుకుని కూర్చుంటుంది. “కుక్కపిల్లని వెట్ దగ్గరికి తీసుకెళ్లారు” అని నేను చదివితే ఒక బుడ్డోడికి కుక్కపిల్లని తడి దగ్గరికి తీసుకెళ్లినట్టు వినబడింది. వాడు నవ్వి ఊరుకోలేదు. ఫోనిక్స్ కోసం పెట్టుకున్న చిన్న అద్దం తెచ్చి నా ముందు పట్టుకుని, “మిస్, పెదవి కొరకండి” అన్నాడు. నేను వాడికి నేర్పాల్సిన పద్ధతే అది. వాడు నాకు నేర్పాడు.

ఇంకో తమాషా ఏంటంటే, ఇంగ్లండ్‌లో ఇయర్ వన్ పిల్లలందరికీ జూన్‌లో ఒక చిన్న పరీక్ష పెడతారు, 2012 నుంచి. 40 మాటలు పైకి చదవాలి. అందులో 20 నిజం మాటలు, 20 ఉత్తుత్తి మాటలు, ఏ అర్థమూ ఉండదు. ఉత్తుత్తి మాట పక్కన ఒక ఏలియన్ బొమ్మ వేస్తారు, అది ఆ ఏలియన్ పేరన్నమాట. ఎందుకంటే తెలిసిన మాటైతే పిల్లాడు బట్టీపట్టి చెప్పేయొచ్చు. ఎప్పుడూ చూడని మాట చదివాడంటే నిజంగా చదవడం వచ్చినట్టు. ఇలాంటి ఐడియా భాషా పరిశోధనలో పాతదే. 1958లో జీన్ బెర్కో అనే ఆవిడ పిల్లలకి ‘వగ్’ అనే లేని పక్షి బొమ్మ చూపించి, “ఇప్పుడు ఇవి రెండు, వీటిని ఏమంటారు?” అని అడిగింది. ఎప్పుడూ వినని మాటకి కూడా పిల్లలు బహువచనం చెప్పేశారు. అంటే రూల్ వాళ్ల బుర్రలో ఉందన్నమాట, బట్టీ కాదు.

దీన్ని ప్రాక్టీస్ చేయిస్తుంటే మా క్లాసులో ఒకడు సీరియస్‌గా అడిగాడు, “మిస్, అనకాపల్లి కూడా ఏలియన్ మాటేనా?” మిగతా ఇరవై తొమ్మిది మంది కూడబలుక్కుని అ-న-కా-ప-ల్లి అని శబ్దాలు విడదీసి, కలిపి చదివేశారు. కరెక్టుగా వచ్చింది. మన రైల్వే అనౌన్స్‌మెంట్ కంటే బాగుంది, నిజంగా.

అలా అని అన్నీ రూల్ ప్రకారం ఉండవు. ‘వన్’ అనే మాట ‘ఓ’ అక్షరంతో ఎందుకు మొదలవుతుందో నేను ఇప్పటికీ పిల్లలకి చెప్పలేను. అలాంటివాటిని అక్కడ ‘ట్రిక్కీ వర్డ్స్’ అంటారు. “ఈ మాటని ఎవరు విరగ్గొట్టారు మిస్?” అని అడిగింది ఒక పాప. అంతకంటే మంచి ప్రశ్న నాకు కోర్సు మొత్తంలో ఎదురవలేదు.

వేళ్ల లెక్క గురించి చెప్పాలి. మనం గణుపులు లెక్కపెడతాం కదా, బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల మీద, వేలికి 3 చొప్పున 12. వాళ్లు వేలికి ఒకటే లెక్క. ఒకరోజు నేను లంచ్‌కి పేర్లు లెక్కపెట్టుకుంటూ ఒక చేత్తోనే 12 దాకా వెళ్లడం చూసి ఒకడు నోరు తెరిచాడు. సాయంత్రం గేటు దగ్గర వాళ్లమ్మ వచ్చి, చాలా మర్యాదగా, “మీకు ఒక చేతికి పన్నెండు వేళ్లని మావాడు అంటున్నాడు” అంది, చూపు మాత్రం నా చేతి మీదే. మర్నాడు అందరికీ నేర్పేశాను. ఇయర్ వన్‌లో 20 లోపు కూడికలు, తీసివేతలు రావాలి, 10 దాటగానే వేళ్లు అయిపోయి చాలామంది ఆగిపోతారు. గణుపులతో రెండు చేతులూ కలిపితే 24. అప్పటిదాకా లెక్కలంటే బల్ల కింద దూరే ఒక పిల్ల, ఆ వారం బల్ల కిందకి వెళ్లలేదు.

బెల్లం గురించి ఒక్క ముక్క. దేశంలో రెండో పెద్ద బెల్లం మార్కెట్ మాదే అని చెప్పుకునే ఊరు నుంచి వెళ్లి దాని గురించి చెప్పకపోతే ఎలా? తినేవి క్లాసుకి తీసుకెళ్లడం అంత తేలిక కాదు, అలర్జీల భయం. దిమ్మ ఫోటో ప్రింట్ తీసి చూపించి, ఏంటో చెప్పమన్నాను. రాయి. బంగాళాదుంప. ఏనుగు... ఆ చివరి మాట చెప్పను, మీకే అర్థమైంది. ముప్పై మంది పది నిమిషాలు నవ్వారు.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఈ ఎపిసోడ్ చేస్తున్నదే దీనికోసం.

మా క్లాసులో ఒక తెలుగు పిల్లాడు ఉన్నాడు. ఏ జిల్లానో, ఏ ఊరో చెప్పను. వచ్చి రెండు నెలలైంది, ఒక్క మాట మాట్లాడలేదు, ఇంగ్లిష్‌లో కాదు, తెలుగులోనూ కాదు. నేను తెలుగులో పలకరిస్తే బూట్లు చూసుకునేవాడు. కొత్త భాషలో పడ్డ చిన్నపిల్లలకి ఇలాంటి మౌనం మామూలే, దీన్ని ‘సైలెంట్ పీరియడ్’ అంటారు. వారాలు ఉండొచ్చు, నెలలు ఉండొచ్చు. ఆ టైమ్‌లో పిల్లాడు ఖాళీగా ఉండడు, విని పోగేసుకుంటూ ఉంటాడు. మాట్లాడమని బలవంతపెట్టకూడదు, వేలితో చూపించినా తల ఊపినా జవాబుగా తీసుకోవాలి. ఇంట్లో కూడా మాట్లాడటం లేదంటే అది వేరే సంగతి, స్పీచ్ స్పెషలిస్టుకి చూపించాలి. ఈ అబ్బాయి ఇంట్లో గలగలా మాట్లాడతాడని వాళ్ల నాన్న చెప్పారు.

ఒక మంగళవారం మెంటర్ అబ్జర్వేషన్. తీసివేతల పాఠం. ఒక పాప “నీలం పెన్సిల్ తీసుకోనా మిస్?” అంది. నేను సరే అన్నట్టు తల ఊపాను. మన ఊపుడు తెలుసుగా, నిలువుగానూ కాదు, అడ్డంగానూ కాదు, తాటికాయలా అటూ ఇటూ వాలుతుంది. పాప అయోమయంగా, “అది అవునా, కాదా?” అంది. ఇంకొకడు, “కావచ్చు అని” అన్నాడు. మూడోవాడు, “కాదు, డాన్స్” అన్నాడు. అంతే, కార్పెట్ మీద ముప్పై తలలూ ఊగడం మొదలైంది. వెనకాల ల్యాప్‌టాప్ టకటకా కొట్టుకుంటోంది. నా గుండె కూడా అంతే.

ఆ గోలలో ఒక కొత్త నవ్వు వినబడింది. మా తెలుగు పిల్లాడు. పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. వాడికి మాత్రం ఇందులో వింత ఏమీ లేదు, వాళ్ల తాతయ్య రోజూ ఊపే తలే. మిగతావాళ్లు దాన్ని ఎంత ఘోరంగా ఊపుతున్నారో చూసి నవ్వాడు. లేచి నిలబడి, “నో. లైక్ దిస్” అన్నాడు. ఊపి చూపించాడు. పక్కవాడి గడ్డం పట్టుకుని సరిచేశాడు.

ల్యాప్‌టాప్ శబ్దం ఆగింది.

తీసివేతలు ఆ రోజు సగమే అయ్యాయి. మెంటర్ రిపోర్టులో పాఠం వేగం గురించి ఒక లైను రాసింది, ఆ పిల్లాడి గురించి నాలుగు లైన్లు రాసింది. మర్నాటి నుంచి వాడు మాటల పుట్ట అయిపోయాడని అనుకోకండి, మర్నాడు మళ్లీ మౌనమే. తర్వాతి వారం “రెడ్” అని ఎర్ర క్రేయాన్ అడిగాడు. ఆ తర్వాత “నాట్ యువర్స్” అన్నాడు, గట్టిగానే. దానికి నేను ఎవరినీ తిట్టలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. పీజీసీఈ అనేది చదువు, క్యూటీఎస్ అనేది ఇంగ్లండ్ ప్రభుత్వ టీచరు అర్హత. రెండూ వచ్చే కోర్సు ఏదో చూసుకుని చేరండి, ఏజెంటు మాట మీద కాదు. ప్రైమరీకి డిగ్రీతో పాటు పదో తరగతి స్థాయిలో ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ మూడింటిలో అక్కడి ప్రమాణానికి సరిపడా మార్కులున్నట్టు చూపించాలి. పిల్లల దగ్గర పని కాబట్టి క్రిమినల్ రికార్డు చెక్ తప్పనిసరి. మన దగ్గర పోలీస్ క్లియరెన్స్ ముందే పెట్టుకోండి, ఆలస్యమవుతుంది.

ఇంకోటి, నీళ్లు లోపలికి రాని మంచి బూట్లు కొనుక్కోండి. వాన మరీ ఎక్కువైతే పిల్లలు క్లాసులోనే ఆడుకుంటారు, దాన్ని ‘వెట్ ప్లే’ అంటారు, తడి వెట్, డాక్టరు కాదు. తుంపర మాత్రమే అయితే అందరూ బయటే. ఆ తుంపర్లో గ్రౌండ్ డ్యూటీ దాదాపు ఎప్పుడూ ట్రైనీకే పడుతుంది.