ఒంటిగది యిల్లు

గడచిన వేసవిలో నా చెల్లెలు హైదరాబాదునుండి ఫోను చేసి, "అక్కా, స్టూడియో యొకటి అమ్మకమునకు వచ్చినది. నీవు వచ్చి చూచినగాని నేను బయానా ఇయ్యను" అని చెప్పెను. మా బనగానపల్లెలో స్టూడియో యన్నచో ఫోటోలు తీయు అంగడియే. దీనికి ఫోటోల యంగడి కొనవలసిన పని యేమి వచ్చినదా యని నేను కొంతసేపు తెల్లబోయితిని. పిదప దెలిసినదేమన, పడకగది, కూర్చుండుగది యను భేదము లేక, ఒకే గదియు, దాని ప్రక్కను చిన్న వంటయిల్లును, స్నానపు గదియు గల ఫ్లాటును పట్టణములలో నట్లు పిలుతురట.

చెల్లెలికి ముప్పదియొక్క యేండ్లు. ఒక కచేరీలో లెక్కలు వ్రాయును. వివాహము కాలేదు, కావలెనని దానికి తొందరయు లేదు. తొమ్మిదేండ్లుగా అమీరుపేటలో నొక ఆడవారి హాస్టలునందు మఱి యిద్దఱితో గది పంచుకొని యున్నది. ఒక మంచము, బీరువాలో నొక యఱ, గోడకొక మేకు, ఇంతియే దానికి చెల్లునది. అమ్మ పోయి యొక రాత్రి యుండవలెనన్నను వార్డెను ఒప్పుకొనదు. రెండుమాఱులు అమ్మ తెల్లవాఱి బస్సు దిగి, కూతును వీధిలోనే చూచి, సాయంకాలపు బస్సున తిరిగి వచ్చినది.

2022లో రాజీవ్ స్వగృహ సంస్థవారి ఫ్లాట్లను, నాగోలు చెంతనున్న బండ్లగూడలోను, పోచారములోను, ప్రభుత్వమువారు చీటీలు తీసి విక్రయించినప్పుడు ఒక పడకగదివి కూడ వానిలో నుండెను. పూర్తియైన వానికి చదరపుటడుగు బండ్లగూడలో 3,000 రూపాయలు, పోచారములో 2,500. చెల్లెలు దరఖాస్తు పెట్టెను గాని చీటీలో పేరు రాలేదు. ఇప్పుడు చూడబోవునది కూకటుపల్లిలో, ఇరువదేండ్ల నాటి అయిదంతస్తుల కట్టడములో మూడవ యంతస్తున నున్నది. అమ్మువారు చెప్పిన విస్తీర్ణము 430 చదరపుటడుగులు. ధర 28 లక్షలు.

మావారు బడిలో లెక్కలు చెప్పుదురు. నేను బయలుదేఱునపుడు మాటలేమియు చెప్పక నా పెట్టెలో నొక కొలత టేపు పెట్టిరి. ఆ టేపే తరువాత మాకు వకీలయినది.

మెట్రోబండి దిగి నడచి పోవుసరికి దళారి వాకిటనే నిలిచి యుండెను. మా యిద్దఱను చూచి, మా వెనుకకు చూచి, "మగవారెవరును రాలేదా, అమ్మా?" అని యడిగెను. చెల్లెలు, "సొమ్ము వచ్చినది, చాలదా?" అన్నది. ఆయన నవ్వి మెట్లెక్కించెను. ఆ మెట్లకు పఱచినవి మా సీమ నాపరాళ్ళు! బేతంచెర్ల బండయో, మా యూరి బండయో గాని, ఆ పరాయిచోట కాలి క్రింద తగులగానే నాకు ధైర్యము కలిగెనని చెప్పుటకు సిగ్గేల?

గది వెలుతురుగానే యుండెను. నేను కొంగు బిగించి టేపు విప్పితిని. గది పొడవు పదునైదడుగులు, వెడల్పు పండ్రెండు: 180. వంటయిల్లు ఎనిమిదికి ఆఱు: 48. స్నానపు గది యేడుకు అయిదు: 35. గుమ్మము లోపలి నడవ తొమ్మిదికి మూడు: 27. మొత్తము 290. మఱల కొలిచితిని, అంతియే. "తక్కిన 140 అడుగు లెచ్చట నున్నవి?" అని యడిగితిని. మెట్లు, లిఫ్టు, వరండా, నీళ్ళతొట్టి, కావలివాని గది, గోడల మందము, వీనినన్నిటిని అందఱికి పంచి కలుపుట వాడుక యని దళారి చెప్పెను.

మా యూర నిండ్లను అంకణములతో లెక్కింతురు. దూలమునకును దూలమునకును నడుమ నుండు చోటు అంకణము. పొరుగూరి కొలత వేఱైనను కావచ్చును గాని, ఏ యూరనైనను అది కంటికి కనబడును, చాప పఱచుకొన వచ్చును. మెట్లలోని వాటాపై నెవరు చాప పఱతురు? 28 లక్షలను 430తో భాగించిన అడుగు వెల 6,500 పైచిలుకు. 290తో భాగించిన 9,650 దాటును. ఈ భాగాహారము తెలియక ఎంద ఱాడువారు తమ నగలమ్మి యిచ్చుచున్నారో!

2016లో చేయబడిన రెరా చట్టములో ఈ బాధకు కొంత మందున్నది. ఆ చట్టమునకు లోబడిన క్రొత్త కట్టడములలో లోపలి నేలనే చెప్పి అమ్మవలెను. దానిని కార్పెటు ఏరియా యందురు. బయటి గోడలును బాల్కనీయు దానిలో చేరవు, లోపలి అడ్డుగోడలు చేరును. రిజిస్టరైన ఒప్పందము లేక వెలలో నూటికి పదింటికి మించి బయానా పుచ్చుకొనరాదు. ఇరువదేండ్ల నాటి యిల్లు చేతులు మాఱునపుడు ఈ రక్ష లేదు. అయినను టేపు వెల యెంత?

కొలతకంటె నన్ను బాధించినది మఱియొకటి. ఫ్లాటు కొన్నవారికి గోడలతోపాటు క్రింది భూమిలో విడదీయరాని వాటా యొకటి వచ్చును. దస్తావేజు చూపుమనగా పదునాలుగు చదరపు గజములని యుండెను. గోడలు నానాటికి పాతబడును. విలువ నిలుచునది ఆ పదునాలుగు గజములకే. టోక్యో నగరమున 1972లో కురోకవా కిషో యను శిల్పి 140 చిన్న గదులతో నకాగిన్ గోపురము కట్టెను. ఒక్కొక్క గది పది చదరపు మీటర్లు మాత్రమే. ఇరువదియైదేండ్లకొకమాఱు గదుల నూడదీసి క్రొత్తవి తగిలింపవలెనని ఆయన సంకల్పము, ఒక్కటియు మార్చబడలేదు. నీరు కాఱి, గొట్టములు చెడి, 2007లో యజమానులే కూల్చుటకు సమ్మతించిరి. 2022లో దానిని విప్పివేసిరి. అందుచే మేము పై యంతస్తువరకు ఎక్కి మిద్దె పగుళ్ళు చూచితిమి. నెలకు మరమ్మతు సొమ్మెంత, ఇయ్యనివా రెందఱు అని కావలివాని భార్య నడిగితిమి. ఆమె చెప్పినంత స్పష్టముగా దళారి చెప్పలేదు.

ఇక నెవరి పేర వ్రాయించుట? "ఒంటరి యాడుది, రేపు పెండ్లియైన చిక్కులు వచ్చును, నా పేర వ్రాయింపుడు, అది యుండును" అని మా యన్నగారి మాట. ఆయన చెడ్డవారు కారు. కాని యిక్కడ నా సంగతి నేను చెప్పుకొనక తప్పదు.

చిన్నతనమున తాతగారి యొద్ద నేను కేతన విజ్ఞానేశ్వరము చదివితిని. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరకు పదుమూడవ శతాబ్దపు తెనుగుసేత యది. దాయముగా వచ్చినది, తాను కొన్నది, పంపకమున దొరకినది, ఇవియు స్త్రీధనమే యని మితాక్షర మతము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ చేతనున్న యాస్తిపై నామెకు సంపూర్ణహక్కు నిచ్చినది. పిత్రార్జితమున కూతుండ్రకు సమభాగము మన ఆంధ్రదేశమున 1986 నాటి చట్టముతోను, దేశమంతటను 2005 నాటి సవరణతోను వచ్చినది. ఇన్ని తెలిసిన నేను 2016లో నాన్నగారు పోయినప్పుడు ఏమి చేసితిని? పసుపుకుంకుమలకింద పట్టుచీర పుచ్చుకొని, మామిడితోటలో నా భాగమునకు హక్కు విడుదల పత్రముపై చదువకయే చేవ్రాలు చేసితిని. ఇరువదియొక్క యేండ్ల చెల్లెలు, "నేను చేయను" అని లేచిపోయినది. ఆ దినము దానిని గయ్యాళి యన్నవారిలో నేనును ఒకతెను. తోట నిరుడు అమ్ముడుపోగా దాని భాగము పదునొకండు లక్షలు దాని చేతికి వచ్చినది. ఆ పదునొకండు లక్షలే యీ గదికి పునాది.

కావున అన్నగారితో నేనే మాటాడితిని. "నా భాగము నీకిచ్చితిని, అన్నయ్యా, దానిది దానికే యుండనిమ్ము" అంటిని. ఆయన చాలసేపు పలుకలేదు. పిమ్మట, "ఈసీ తీయించితిరా?" అని మాత్ర మడిగిరి.

తీయించితిమి. పూర్వ మెవరెవరు కొనిరో, తాకట్టేమైన నున్నదో దానిలో తెలియును. అమ్మువారు పాత బ్యాంకప్పు తీర్చినను ఆ తీఱుదల పత్రము రిజిస్టరు చేయించలేదు; అది జరుగువఱకు మేము బయానా ఇయ్యలేదు. మూడు వారములు పట్టెను. దళారి విసుగుకొనెను గాని, 290 అడుగుల లెక్క ముందు పెట్టగా వెల 25 లక్షల 50 వేలకు దిగెను. తెలంగాణమున 2021 నుండి రిజిస్ట్రేషను ఖర్చులన్నియు కలిసి నూటికి ఏడున్నర. అది 1,91,250 రూపాయ లయ్యెను. తోట సొమ్మునకు అయిదు లక్షలు దాచుకొన్నది చేర్చి, పదునొకండున్నర లక్షలు బ్యాంకులో అప్పు చేసినది. కంతులు పండ్రెండేండ్లు కట్టవలెను. భారమే; హాస్టలు సొమ్ముకంటె నెల కించుమించు రెండింతలు.

శ్రావణమాసమున అమ్మ పోయినది. కొఱ్ఱలు, జొన్నపిండి, ఒక చిన్న రోలు మోసికొని పోయి, 48 అడుగుల వంటయింట రోలెక్కడ పెట్టవలెనో తెలియక నడవలో పెట్టినదట. మూడవనాటి రాత్రి దీపమార్పి పండుకొనిన పిదప, "ఇచ్చట నేనెన్ని దినము లుండవచ్చునే?" అని యడిగినదట.