ముందు కలుపు మొలవాలి

గుంటూరు పక్కన నల్లపాడు. నేల నల్లరేగడి. మిరప కోతలు, పత్తి తీతలు అయిపోతే ఎండలు ముదురుతాయి. కూలి పనులు తగ్గుతాయి. ఆకుకూర కట్ట ధర మాత్రం పెరుగుతుంది. అప్పుడు పెరట్లో కాస్త కూర ఉంటే ఎంతో ఆసరా.

కానీ పెరడు నిండా తుంగ, గరిక, వయ్యారిభామ. చాలామంది పైపైన చెక్కి, విత్తనం చల్లి, నీళ్లు పోస్తారు. వారం తిరిగేసరికి కలుపే ముందు లేస్తుంది. బిందెలతో మోసిన నీళ్లు అదే తాగేస్తుంది. విత్తనం, నీళ్లు, కష్టం మూడూ దండగ.

ఎందుకిలా? మట్టిలో కలుపు గింజలు ఎన్నో ఉంటాయి. తడి తగిలితే పైన ఉన్నవి మొలుస్తాయి. కనుక ముందు వాటినే మొలవనివ్వాలి. తరువాత తీసేయాలి.

మొదటి పని: అర సెంటు నేల చాలు. ముందు రోజు తడిపి, గునపంతో తవ్వాలి. తుంగను పైన కోస్తే చావదు. గడ్డ నుంచి మళ్లీ లేస్తుంది. గడ్డలు ఏరి, ఎండలో బాగా ఎండబెట్టాలి. వయ్యారిభామ తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి. చేతికి గుడ్డ చుట్టుకుని, పూత రాకముందే పీకాలి.

రెండో పని: చివికిన పశువుల ఎరువు కలిపి, చదును చేసి, తడపాలి. విత్తనం ఇంకా వేయకూడదు. సుమారు పది రోజులు ఆగాలి. మొలిచిన కలుపును లేతగా ఉండగానే పైపైన చెక్కేయాలి. లోతుగా తవ్వితే అడుగు గింజలు పైకి వస్తాయి. మళ్లీ కలుపే!

మూడో పని: తోటకూర, గోంగూర, బచ్చలి ఎండకు తట్టుకుంటాయి. తోటకూర విత్తనం చాలా సన్నం. అర సెంటుకు ఒక చెంచాడు చాలు. ఇసుకలో కలిపి, జానెడు దూరంలో సాళ్లుగా పోయాలి. సాలులో మొలిచింది కూర. సాళ్ల మధ్య మొలిచింది కలుపు. పైన పలచగా మట్టి చల్లి, వరిగడ్డి కప్పాలి. మొలక రాగానే గడ్డి తీసేయాలి. పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరించాలి. బియ్యం కడిగిన నీళ్లూ పనికొస్తాయి. నెల తిరిగేసరికి తోటకూర పీక్కోవచ్చు.

ఒక జాగ్రత్త. పురుగు కనబడితే మిరపకు, పత్తికి తెచ్చిన మందు కొట్టకూడదు. మనం తినేది ఆ ఆకునే కదా! పురుగు పట్టిన ఆకులు గిల్లి పారేయాలి. ఖాళీ మందు డబ్బాతో నీళ్లు కూడా పోయకూడదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒక మాట చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తం తక్కువ. ఆకుకూరల్లో ఇనుము ఉంది. కూరలో నిమ్మరసం పిండుకుంటే అది ఒంటికి బాగా పడుతుంది. డాక్టరు ఇచ్చిన ఐరన్ బిళ్లలు మాత్రం మానకూడదు.

పరాయి చేలల్లో కలుపు తీసి, తీసి అలసిన చేతులివి. ఈ ఎండాకాలం సొంత పెరట్లోనూ తీస్తే, ఆ కూర ఇంట్లో అందరి కంచంలోకి వస్తుంది. వండిన అమ్మ కంచంలోకీ రావాలి.