నేరం తొలగినా వీడని మౌనం

సైన్యంలోని స్వలింగ ప్రేమికులకు అడ్డుగోడగా 1950 నాటి చట్టం

న్యూఢిల్లీ: పరస్పర అంగీకారంతో వయోజనుల మధ్య ఏకాంతంలో సాగే స్వలింగ సంబంధం నేరం కాదని అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. నూట యాభై ఏళ్లకు పైగా నెత్తిన వేలాడిన కత్తి ఆనాటితో తొలగిపోయిందని దేశంలోని స్వలింగ ప్రేమికులు ఊపిరి పీల్చుకున్నారు. అయితే సైనిక యూనిఫారం ధరించినవారికి మాత్రం ఆ ఊరట పూర్తిగా దక్కలేదు. కంటోన్మెంటు గేటు వెలుపల నేరం కానిది, గేటు లోపల కొలువుకే ఎసరు పెట్టగల స్థితి కొనసాగుతోంది.

ఒక మనిషికి రెండు చట్టాలు

భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ 1860లో బ్రిటిష్ పాలకులు రూపొందించినది. దాని పరిధిని 2009లో ఢిల్లీ హైకోర్టు కుదించగా, 2013లో సుప్రీంకోర్టు యథాతథంగా పునరుద్ధరించింది. 2018లో నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో ఆ పొరపాటును తానే సరిదిద్దుకుంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్‌కు చోటే లేదు.

సైనికుడు పౌర చట్టాలతో పాటు 1950 నాటి సైనిక చట్టానికీ బద్ధుడు. హోదాకు తగని రీతిలో ప్రవర్తించిన అధికారిని ఆ చట్టంలోని 45వ సెక్షన్ కింద కొలువు నుంచి తొలగించవచ్చు. క్రూరమైన, అసభ్యమైన లేదా అసహజమైన అవమానకర ప్రవర్తనకు 46వ సెక్షన్ ఏడేళ్ల వరకు ఖైదు నిర్దేశిస్తోంది. వైమానిక దళ చట్టంలోనూ ఇటువంటి నిబంధనలే ఉన్నాయి. వీటిలో ఎక్కడా స్వలింగ సంబంధం అనే మాట లేకపోవడం గమనార్హం. కానీ ‘అసహజం’ అనే ఒక్క విశేషణం ఆ పని చేస్తోంది. ఆ మాటకు అర్థం చెప్పేది విచారణ జరిపే సైనిక న్యాయస్థానమే.

సుప్రీంకోర్టు తీర్పు సైన్యానికి స్వయంచాలకంగా వర్తించకపోవడానికి రాజ్యాంగంలోని 33వ అధికరణం ప్రధాన కారణం. క్రమశిక్షణ, విధి నిర్వహణల దృష్ట్యా సాయుధ దళాల సభ్యుల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని ఆ అధికరణం పార్లమెంటుకు కట్టబెట్టింది. వివాహేతర సంబంధం నేరం కాదన్న 2018 నాటి మరో తీర్పు సాయుధ దళాల చట్టాలకు సంబంధించినది కాదని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు వివరణ ఇచ్చింది. స్వలింగ సంబంధాల అంశం నాడు ధర్మాసనం ముందు లేదు. అయినా శిక్షాస్మృతిలో ఒక నేరం తొలగినంత మాత్రాన సైనిక క్రమశిక్షణ చర్యకు అడ్డు ఏర్పడదన్న సంగతి దానితో తేటతెల్లమైంది.

సైన్యం వైఖరి సైతం దాపరికం లేనిదే. నాటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ 2019 జనవరిలో విలేఖరులతో మాట్లాడుతూ, సైన్యం సంప్రదాయబద్ధమైన సంస్థ అనీ, స్వలింగ సంబంధాలను అందులో అనుమతించబోమనీ, అటువంటి వ్యవహారాలపై సైనిక చట్టం కిందనే చర్య తీసుకుంటామనీ ప్రకటించారు.

రాజీనామా తరువాతే మాట

ఈ పరిస్థితిలో కొలువులో ఉండగా నోరు విప్పేవారు అరుదు. మేజర్ జె. సురేశ్ పదేళ్లకు పైగా సైన్యంలో పనిచేసి 2010లో రాజీనామా చేశారు. తాను స్వలింగ ప్రేమికుడినని ఆయన బహిరంగంగా వెల్లడించింది 2020లో. రాజీనామాకు అది ఒక ముఖ్య కారణమని కూడా చెప్పారు. అంటే నిజం చెప్పడానికి ఆయనకు యూనిఫారం వదలడమే గాక మరో పదేళ్లు పట్టింది.

ఆయన జీవితం స్ఫూర్తిగా దర్శకుడు ఓనిర్ సిద్ధం చేసిన చిత్రకథకు రక్షణ మంత్రిత్వ శాఖ 2022లో అనుమతి నిరాకరించింది. కాశ్మీరులో విధి నిర్వహణలో ఉన్న సైనికుడికీ స్థానిక యువకుడికీ మధ్య ప్రేమను చిత్రించడం సైన్యం ప్రతిష్ఠకు భంగకరమనీ, భద్రతాపరమైన సమస్యలకు తావిస్తుందనీ ప్రభుత్వం లోక్‌సభలో సమర్థించుకుంది. కొలువులో చోటు లేనివారికి కథలో కూడా చోటు దొరకలేదు.

దీనికి దగ్గరి ఉదంతం తెలుగునాట విశాఖపట్నంలో జరిగింది. 2010లో నౌకాదళంలో చేరి ఐ.ఎన్.ఎస్. ఏకశిలలో పనిచేస్తున్న ఒక నావికుడు, 2016లో సెలవుపై వెళ్లి శస్త్రచికిత్స ద్వారా స్త్రీగా మారారు. సాబి అనే పేరు స్వీకరించిన ఆమెను 2017 అక్టోబరులో ‘సేవలు అక్కర లేదు’ అనే నిబంధన కింద నౌకాదళం తొలగించింది. ఆమె ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు. లింగ గుర్తింపు వేరు, స్వలింగ ఆకర్షణ వేరు. కానీ పనిలో లోపం ఎంచకుండానే మనిషిని పక్కకు తప్పించే మార్గం సేవా నిబంధనల్లో ఉన్నదనడానికి ఈ ఉదంతమే తార్కాణం.

పింఛనుతో ముడిపడిన బతుకు

సిపాయికి పింఛను రావాలంటే పదిహేనేళ్లు, అధికారికి ఇరవై ఏళ్లు సేవ పూర్తి కావాలి. ఏడేళ్లకు కొలువు పోయిన నావికురాలికైనా, పదేళ్లు దాటి రాజీనామా చేసిన మేజరుకైనా ఆ గడువు అందనిదే. చిన్న వయసులో చేరి, సైనిక విద్య తప్ప వేరే వృత్తి నేర్వని జవానుకు మౌనం పిరికితనం కాదు, జీవనాధారం.

మౌనంగా చివరి వరకు కొనసాగినా చిక్కు తీరదు. సైనికుడు మరణిస్తే కుటుంబ పింఛను భార్యకో భర్తకో, పిల్లలకో, తల్లిదండ్రులకో చెందుతుంది. స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కల్పించడం పార్లమెంటు పని అని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు తేల్చినందున, జీవిత భాగస్వామిగా మెలగిన వ్యక్తికి ఆ జాబితాలో స్థానం లేదు.

క్రమశిక్షణ వాదంలో బలమెంత?

సైన్యం వాదనను తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. సరిహద్దు శిబిరాల్లో నెలల తరబడి ఒకే బంకరులో పడుకునే మనుషుల మధ్య నమ్మకమే ఆయుధం. పైఅధికారి ఆజ్ఞను కాదనలేని చోట అంగీకారం అనే మాటకు అర్థం మారిపోతుంది. పైగా భారతీయ న్యాయ సంహిత నుంచి 377వ సెక్షన్ మొత్తంగా తొలగిపోవడంతో, వయోజనుడైన పురుషుడిపై జరిగే అత్యాచారాన్ని శిక్షించే ప్రత్యేక నిబంధన పౌర చట్టంలో లేకుండా పోయింది. పైఅధికారి దౌర్జన్యానికి గురైన జవానుకు 46వ సెక్షనే రక్షణ.

అయితే ఈ వాదన బలాత్కారాన్ని, అధికార దుర్వినియోగాన్ని శిక్షించడానికి ఆధారమవుతుందే తప్ప, ఒకరి స్వభావాన్ని శిక్షించడానికి కాదు. ఒకే నిబంధన రెండింటినీ ఒకే గాటన కట్టడంలోనే లోపమున్నది. గ్రామీణ నేపథ్యం గల జవాన్లు మహిళా అధికారుల ఆజ్ఞలను మానసికంగా అంగీకరించలేరని ప్రభుత్వం ఒకనాడు వాదించింది. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు దానిని తోసిపుచ్చి, మహిళలకు శాశ్వత కమిషన్ కల్పించాలని ఆదేశించింది. ఇక బెదిరింపుల ప్రమాదం అంటారా, దాచవలసిన రహస్యం ఉన్నప్పుడే శత్రువుకు బెదిరించే వీలు చిక్కుతుంది.

బ్రిటన్ చెల్లించిన మూల్యం

మనకు 377వ సెక్షన్‌ను అంటగట్టిన బ్రిటన్‌లోనూ పౌర చట్టానికీ సైనిక చట్టానికీ మధ్య ఇటువంటి అగాధమే ఉండేది. ఇంగ్లండు, వేల్స్‌లలో 1967లో స్వలింగ సంబంధాలు నేరం కాకుండా పోయినా సాయుధ దళాలను ఆ చట్టం నుంచి మినహాయించారు. వైమానిక దళంలో నర్సుగా పనిచేసిన జెనెట్ స్మిత్, ఆమెతో పాటు గ్రేమ్ గ్రాడీ వేసిన కేసులో, వారిని విచారించి తొలగించడం వ్యక్తిగత జీవిత హక్కుకు భంగమని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1999లో తీర్పు ఇచ్చింది. 2000 జనవరిలో నిషేధం రద్దయింది. 2023 జూలైలో ప్రధాని రిషి సునాక్ క్షమాపణ చెప్పారు. ఆ తరువాత బాధితుల పరిహారానికి 7.5 కోట్ల పౌండ్లు కేటాయించారు. అమెరికా సైతం ‘అడగవద్దు, చెప్పవద్దు’ విధానం కింద 13 వేల మందికి పైగా సైనికులను పోగొట్టుకుని, 2011లో దానికి స్వస్తి పలికింది.

మన దేశంలో ఈ ముడి విప్పగలిగేది పార్లమెంటే. 33వ అధికరణం ప్రసాదించిన అధికారం హక్కులను కుదించడానికే గాక, ఆ కుదింపు ఎంతవరకో నిర్ణయించడానికి కూడా. 46వ సెక్షన్‌లోని ‘అసహజం’ అనే మాటను తొలగించి, దాని స్థానంలో బలాత్కారాన్ని, హోదా దుర్వినియోగాన్ని స్పష్టంగా నిర్వచిస్తే అటు క్రమశిక్షణకూ ఇటు న్యాయానికీ లోటు రాదు. సరిహద్దులో నిలబడిన జవాను నుంచి దేశం కోరేది ధైర్యం, నిజాయితీ. తన గురించి నిజం చెబితే కొలువు పోతుందన్న భయం ఆ రెండింటికీ పొసగనిది.